ఆదివారం ఎవరిది?

"నిన్న ఏం చేశారు?" అని సోమవారం పొద్దున ఎవరైనా ఆడమనిషిని అడిగి చూడండి. "ఏముందండీ, ఖాళీయే. ఇంట్లోనే ఉన్నాను" అంటుంది. అదే మనిషిని కూర్చోబెట్టి, "నిద్ర లేచిన దగ్గర్నించీ ఒక్కొక్కటే చెప్పండి" అంటే, జవాబు రాసుకోవడానికి కాగితం చాలదు. చాలా ఏళ్ళుగా స్త్రీల శ్రమ గురించి ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఈ రెండు జవాబులూ ఒకే నోటి నుంచి రావడం నాకిప్పుడు ఆశ్చర్యం కలిగించదు. కానీ ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని మన ఉద్యమం ఇంతవరకూ సీరియస్‌గా తీసుకోలేదని మాత్రం అనిపిస్తుంది.

మనం కూలి రేట్ల గురించి పోరాడాం, ఆస్తి హక్కు గురించి పోరాడాం, హింస గురించి పోరాడుతూనే ఉన్నాం. విశ్రాంతి మాట వచ్చేసరికి మనలోనే ఒక మొహమాటం. సారా వ్యతిరేక పోరాటం ముందు, వరకట్న చావుల ముందు, "నాకు ఆదివారం కాసేపు పడుకోవాలని ఉంది" అనడం చిన్న మాటలా, మధ్యతరగతి గారాబంలా కనిపిస్తుంది. అది చిన్న మాట కాదనీ, స్త్రీ సమయం మీద ఎవరికి అధికారం ఉందన్న ప్రశ్న అనీ ఈ వ్యాసంలో వాదించదలచుకున్నాను. ఇందుకు కష్టాలతో నిండిన రోజును ఉదాహరణగా తీసుకోను. చాలా మామూలుగా, ప్రశాంతంగా గడిచిన రెండు రోజులను తీసుకుంటాను.

రెండు రోజుల లెక్క

ఉగాదికి ముందు ఒక శని, ఆదివారాలు నేను ఎక్కడికీ వెళ్ళలేదు. సభలు లేవు, ప్రయాణాలు లేవు, చుట్టాలు రాలేదు, ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగోలేకపోవడం లేదు. ఎండలు ఇంకా ముదరలేదు. వీధిలో వేపచెట్టు పూతకొచ్చింది. ఎవరు చూసినా హాయిగా గడిచిన రెండు రోజులనే అంటారు. నేనూ కాదనను. అయితే సర్వేల వాళ్ళు చేసే పద్ధతిలో, ఏ వేళకి ఏం చేశానో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను.

శనివారం: పాలు, కాఫీ, టిఫిను, వంట. అమ్మకి బి.పి. మాత్రలు రెండే మిగిలాయని గుర్తుకొచ్చి మందుల షాపుకి వెళ్ళడం. దారిలోనే దర్జీ దగ్గర జాకెట్లు తీసుకోవడం, ఒకటి బిగుతైతే తిరిగి ఇవ్వడం. కిరాణా కొట్లో కొత్త చింతపండు, కొత్త బెల్లం. ఇస్త్రీ బండి దగ్గర బట్టలు లెక్క చూసుకోవడం. డాబా మీద పెట్టిన వడియాలు తిరగెయ్యడం, కాకులు వాలకుండా కనిపెట్టుకుని ఉండడం. కుళాయి వచ్చే వేళకి ఇంట్లో ఉండడం. రాత్రి పడుకోబోయే ముందు దోసెలకి పప్పూ బియ్యం నానబొయ్యడం.

ఆదివారం: తలంట్లు, దుప్పట్లు, పండగ ముందు దులుపుడు, అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి రోజూకంటే ఎక్కువ వంట. నా సహచరుడు రైతు బజారుకి వెళ్ళి కూరగాయలు తెచ్చాడు. ఏం తేవాలో చీటీ నేను రాశాను. ముదురు బెండకాయలు తేవద్దనీ, పండక్కి మామిడికాయ ఇప్పుడే కొనొద్దనీ చెప్పాను. అక్కణ్ణించి రెండుసార్లు ఫోను వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఒక నవల చదువుకున్నాను. ఆదివారం సాయంత్రం టీ తాగుతూ ఒక స్నేహితురాలితో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. ఈ రెండూ నాకు నిజంగా సంతోషం కలిగించినవే.

లెక్క కడితే రెండు రోజుల్లో ఇంటిపని నాది 11 గంటలు దాటింది, అతనిది సుమారు 3 గంటలు. ఈ అంకెలకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో సంగతి. నేను చేసిన పనుల్లో కష్టమని చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. ఒక్కొక్కటీ అయిదు నిమిషాలదో, పావుగంటదో. కానీ మధ్యలో ఎవరూ పిలవకుండా, ఏదీ గుర్తురాకుండా, తెగకుండా నాకు దొరికిన సమయంలో అన్నిటికంటే పెద్ద ముక్క 50 నిమిషాలు. ఆదివారం పొద్దున పేపరు చదవడానికి అతనికి దొరికింది అంతకు దాదాపు రెట్టింపు. ఆ గంటన్నరలో ఆ పేపరు పక్కన పెట్టించే పని ఏదీ అతని దాకా రాలేదు. రాకుండా ఆపినవాళ్ళు ఉన్నారు కాబట్టే రాలేదు.

మాది ఇద్దరమూ ఉద్యోగం చేసే ఇల్లు, అంతో ఇంతో చర్చ జరిగే ఇల్లు, గ్యాసూ మిక్సీ ఉన్న ఇల్లు. అక్కడే పరిస్థితి ఇది.

పది నిమిషాల లోపు పనులు

మన దేశంలో మనుషులు సమయాన్ని ఎలా గడుపుతారన్నది ప్రభుత్వం 1998–99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా అడిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటా అడిగింది మాత్రం 2019లోనే. ఆ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు నూటికి 26 మంది. పాల్గొన్నవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పనిచేస్తే, మగవాళ్ళు 97 నిమిషాలు పనిచేశారు. అసలు పని ముట్టని మగవాళ్ళను కూడా కలిపి సగటు తీస్తే మగవాళ్ళ వాటా రోజుకి 25 నిమిషాలకు పడిపోతుంది.

2024లో మళ్ళీ సర్వే చేశారు. పనిచేసే ఆడవాళ్ళ సమయం 299 నుంచి 289 నిమిషాలకు తగ్గింది. బాగానే ఉంది కదా అనుకుంటాం. మగవాళ్ళ సమయం కూడా 97 నుంచి 88కి తగ్గింది. అంటే స్త్రీల మీంచి తగ్గిన ఆ పది నిమిషాలూ మగవాళ్ళ మీదికి మారలేదు. ఇంటిపని కొంచెం తగ్గితే తగ్గి ఉండవచ్చుగానీ, పంపకం మాత్రం మారలేదు.

ఈ సర్వేలు మనకి గొప్ప ఆయుధం, సందేహం లేదు. అయితే వాటి పద్ధతిని కూడా మనం తెలుసుకోవాలి. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా, రోజును అరగంట ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో ఏం చేశారో రాసుకుంటారు. ఒకే ముక్కలో రెండు మూడు పనులు చేస్తే, పది నిమిషాలో అంతకు మించో పట్టినవాటినే నమోదు చేస్తారు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, నిజమే. కానీ స్త్రీల సెలవురోజు ఎక్కువగా గడిచేది ఆ గీతకి కింద. పొయ్యి కట్టెయ్యడం, తలుపు తియ్యడం, మాత్ర గుర్తు చెయ్యడం, వాన చినుకు పడితే బట్టలు తియ్యడం, "అమ్మా, నా సాక్స్ ఎక్కడ?" అంటే లేచి వెళ్ళడం. రైతు బజారుకి వెళ్ళిన మనిషి గంట సర్వేలోకి ఎక్కుతుంది. చీటీ రాసిన మనిషి నాలుగు నిమిషాలు ఎక్కవు. ఆ చీటీ రాయడానికి కావలసిన జ్ఞాపకం, ఇంట్లో ఏది ఎంత ఉంది, ఎప్పటికి అయిపోతుంది, ఎవరికి ఏది పడదు అన్నది వారం పొడుగునా తల్లో మోస్తున్న పని. దానికి సర్వేలో గడి లేదు.

పైగా స్త్రీల ఖాళీ తరచుగా ఖాళీ కాదు. బీడీలు చుట్టే స్త్రీ టీవీ ముందు కూర్చుంటుంది, ఒళ్ళో చాట ఉంటుంది. సీరియలు చూస్తోంది కాబట్టి తీరిగ్గా ఉందని ఇంట్లో వాళ్ళు అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చాక, బస్సులో కూర్చుని కొందరు ఆడవాళ్ళు వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటున్న వీడియో ఒకటి 2024లో ఊరంతా తిరిగింది. నవ్వులాటలు అయ్యాయి, రాజకీయ నాయకులు కూడా మాట్లాడారు. ఆ వీడియోలో నవ్వడానికేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కిటికీ పక్క సీటు దొరికి, కాసేపు బయటికి చూస్తూ కూర్చునే అవకాశం వచ్చినప్పుడు కూడా ఇంటికెళ్ళి చెయ్యాల్సిన కూర వాళ్ళ చేతుల్ని వదలలేదు. అందులో చూడాల్సింది అది.

పనిచోటే విశ్రాంతి చోటు

"ఇంట్లో రెస్టు తీసుకోవడం" అనే మాట మగవాడికీ ఆడమనిషికీ ఒకే అర్థం ఇవ్వదు. మగవాడు పనిచోటు వదిలిపెట్టి ఇంటికి వస్తాడు. స్త్రీకి ఇల్లే పనిచోటు. బయట ఉద్యోగం చేసే స్త్రీకి ఇల్లు రెండో పనిచోటు. కార్మికుణ్ణి మిషను పక్కనే మంచం వేసుకుని సెలవు గడపమంటే ఎలా ఉంటుందో, వంటింటి గుమ్మం కనిపించే గదిలో స్త్రీని విశ్రాంతి తీసుకోమనడం అలా ఉంటుంది. ఆమె పడుకున్నా చెవి మాత్రం కుక్కరు విజిల్ మీద, గేటు చప్పుడు మీద ఉంటుంది. రాత్రంతా కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్‌ని చూసి "ఇతను సెలవులో ఉన్నాడు" అని ఎవరూ అనరు. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండడమే అతని డ్యూటీ అని ఒప్పుకుంటాం. ఆదివారం మధ్యాహ్నం నడుం వాల్చిన స్త్రీ విషయంలో ఆ మాత్రం న్యాయం మనకి తోచదు.

బయటికి వెళ్ళి విశ్రాంతి తీసుకుందామంటే దానికీ కారణం చెప్పాలి. టీ బడ్డీ దగ్గర గంటసేపు నిలబడ్డ మగవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అదే చోట ఊరికే నిలబడ్డ ఆడపిల్లని పదిమంది చూస్తారు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి నగరం గురించి రాసి 2011లో ప్రచురించిన 'వై లోయిటర్?' పుస్తకం ముఖ్యంగా పట్టుకున్నది ఈ విషయాన్నే. స్త్రీ బయట ఉండాలంటే చేతిలో ఒక పని ఉండాలి. సంచి, పాల ప్యాకెట్టు, పిల్లవాడి చెయ్యి, ఏదో ఒకటి. శనివారం నాడు చిల్లర పనుల మీద తిరగడాన్ని చాలామంది స్త్రీలు ఇష్టపడడానికి కారణం అదేనని నాకు తోస్తుంది. దర్జీ షాపూ, మందుల షాపూ, కిరాణా కొట్టూ వాళ్ళకి వీధిలో తిరగడానికి దొరికే అనుమతి పత్రాలు.

సెలవు చరిత్రలో స్త్రీలు

ఆదివారం సెలవు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బొంబాయి మిల్లుల్లో వారమంతా పనిచేయించుకునే రోజుల్లో, ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి ఉద్యమం నడిపితే, 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. అంతకు ముందు ఏప్రిల్‌లో జరిగిన పెద్ద కార్మిక సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. వారాంతపు సెలవు అడిగిన గొంతుల్లో మొదటినుంచీ ఆడగొంతు ఉంది. ఆ సెలవు అమల్లోకి వచ్చాక ఆ స్త్రీలు ఆదివారం నాడు ఏం చేసి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

మన రాజ్యాంగం 43వ అధికరణం వ్యవసాయ, పారిశ్రామిక కార్మికులకే కాక ఇతర పనివాళ్ళందరికీ తీరిక సమయాన్ని పూర్తిగా అనుభవించగలిగే పని పరిస్థితులు కల్పించే దిశగా ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతుంది. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను ప్రతి మనిషికీ హక్కుగా ప్రకటించింది. ఆ ప్రకటన మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అని రాసుకున్నచోట 'మానవులందరూ' అని మార్పించిన వ్యక్తి మన హంసా మెహతా. ఇంత స్పష్టంగా ఉన్న హక్కు గృహిణి దగ్గరికి వచ్చేసరికి ఆవిరైపోతుంది. ఎందుకంటే ఆమె చేసేది పని అని చట్టం గుర్తించదు. పని లేనిచోట సెలవు ఎలా ఉంటుంది?

ఆమె పనికి విలువ కట్టే సందర్భం ఒకటుంది. ఆమె రోడ్డు ప్రమాదంలో చనిపోయాక, నష్టపరిహారం లెక్కవేసేటప్పుడు. 2021 జనవరిలో కీర్తి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ 2019 సర్వే అంకెలను ఉదహరించి, గృహిణి శ్రమకు ఆదాయం లెక్కగట్టడం ఎందుకు అవసరమో వివరించారు. మంచి తీర్పే. కానీ చనిపోయాక గుర్తించిన శ్రమని ఆమె బతికుండగా ఆదివారం నాడు ఎందుకు గుర్తించకూడదన్నది నా ప్రశ్న.

ఇద్దరు స్త్రీల మధ్య తగాదాగా మారిన ప్రశ్న

ఇక్కడ మనకి ఇబ్బంది కలిగించే విషయానికి వద్దాం. పట్టణాల్లో చదువుకున్న స్త్రీలకు కొద్దో గొప్పో తీరిక దొరికిందంటే, చాలా ఇళ్ళలో అది మగవాడు వదులుకున్న సమయంలోంచి రాలేదు. మరో స్త్రీ తక్కువ జీతానికి అమ్మిన సమయంలోంచి వచ్చింది. గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆమెకి ఆదివారం అంటే ఏమిటి? చాలా ఇళ్ళలో ఆ రోజు చుట్టాలు, మాంసాహారం, ఎక్కువ గిన్నెలు. ఆమె తన ఇంట్లో వంట చేసుకునేది ఈ నాలుగు ఇళ్ళ పనీ అయ్యాకే.

ఇంటి పనివారికి వారానికి కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక చెబుతుంది. దానికి అనుకూలంగా ఓటు వేసిన భారత ప్రభుత్వం దాన్ని ఇంతవరకూ ధృవీకరించలేదు. ఇంటి పనివారికోసం ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించడానికి నిపుణుల కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

చట్టం ఎప్పుడు వస్తుందోగానీ, సెలవు గురించి గొడవ మాత్రం ప్రతి వీధిలోనూ జరుగుతోంది. "ఆదివారం రానమ్మా" అని ఆమె అంటుంది. "ఆదివారమేగా పని ఎక్కువ!" అని ఈమె అంటుంది. గొంతులు పెరుగుతాయి. పక్కగదిలో పేపరు చదువుతున్న మనిషికి ఈ తగాదాతో సంబంధం లేదు. నిజానికి ఆమె రాకపోతే గిన్నెలు ఎవరు తోమాలన్నది ఆ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరి ప్రశ్న. దాన్ని ఇద్దరు స్త్రీల మధ్య బేరంగా మార్చడమే పితృస్వామ్యం చేసే పని. మన సభ్యుల ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి వారానికి ఒకరోజు జీతంతో సెలవు ఉండాలి. ఆ రోజు గిన్నెలు మగవాళ్ళు తోమాలి. ఈ రెండు వాక్యాల్లో ఏ ఒక్కటి వదిలేసినా రెండోది నిలబడదు.

పల్లెల్లోనైతే వారాంతమన్న మాటే లేదు. వసంతమంటే గుంటూరు, ఖమ్మం వైపు మిరపకోతలు. కాయ ఎండకముందే, ధర పడిపోకముందే కొయ్యాలి. కోతకూలీల్లో ఎక్కువమంది స్త్రీలే. సెలవు తీసుకుంటే ఆ రోజు కూలి పోతుంది. కూలి లేని సెలవుని విశ్రాంతి అనలేం.

మనం ఏం చెయ్యగలం?

మొదటిది, మన సంఘాల్లోనే. మనం మీటింగులు ఎప్పుడు పెట్టుకుంటాం? "అందరికీ వీలుగా ఉంటుంది" అని ఆదివారం మధ్యాహ్నం. అందరికీ వీలు అన్నది ఎవరి లెక్క? ఆ మీటింగుకి రావడానికి ఒక స్త్రీ పొద్దున నాలుగింటికి లేచి రెండుపూటల వంటా చేసి వస్తుంది. ఆమెకి మిగిలిన ఒక్క మధ్యాహ్నం మనం తీసుకుంటున్నాం. క్షేత్రస్థాయి కార్యకర్తలకి ఆదివారం మీటింగు ఉంటే మరో రోజు సెలవు ఇవ్వాలి. ఎన్.జి.ఓ.ల్లో 'సేవ' పేరుతో ఈ లెక్క ఎగ్గొట్టడం మామూలైపోయింది.

రెండోది, మనం చేసే చిన్నపాటి సర్వేల్లోనైనా "ఎన్ని గంటలు పనిచేశారు?" అన్న ప్రశ్నతో ఆగకూడదు. "నిన్న ఎవరూ పిలవకుండా, తెగకుండా మీకు ఎంతసేపు దొరికింది?" అని కూడా అడగాలి. "ఇంట్లో ఏం అయిపోయిందో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అని అడగాలి. ఈ ప్రశ్నలు అడిగినచోట జవాబుకి ముందు ఒక నవ్వు వస్తుంది. ఆ నవ్వు తరువాత వచ్చే మాటల్ని జాగ్రత్తగా రాసుకోవాలి.

మూడోది, ఇళ్ళలో 'సాయం' అన్న మాట పోవాలి. సాయం చేసేవాడికి బాధ్యత ఉండదు, మెప్పు ఉంటుంది. కూరగాయలు తేవడం ఒకరి పని అయితే, ఏవి తేవాలో చూసుకోవడం, చీటీ రాయడం, తెచ్చినవాటిని సర్దడం కూడా ఆ ఒకరి పనే కావాలి. మొదట్లో ముదురు బెండకాయలు వస్తాయి. రానివ్వండి. మనకీ పుట్టుకతో తెలిసిన విద్య కాదది.

నాలుగోది, ప్రభుత్వాన్ని అడగాల్సినవి. కుళాయి ఏ వేళకి వస్తుందో తెలియకపోతే ఒక స్త్రీ పూట పోతుంది. ఉద్యోగం చేసే స్త్రీ వెళ్ళగలిగే వేళల్లో రేషన్ షాపు, ఆస్పత్రి, బ్యాంకు తెరిచి ఉండకపోతే ఆమె శనివారం పోతుంది. కాలనీలో పిల్లల్ని చూసే కేంద్రం లేకపోతే ఆమె ఆదివారం పోతుంది. నీళ్ళ గురించీ, క్రెష్‌ల గురించీ మనం ఎప్పటినుంచో అడుగుతున్నాం. ఆ డిమాండ్లను 'సౌకర్యాలు' అనడం మానేసి, స్త్రీల సమయం మీద హక్కుగా అడగడం మొదలుపెట్టాలి.

1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్ దేశంలో నూటికి తొంభైమంది స్త్రీలు ఆ ఒక్కరోజు ఉద్యోగం, ఇంటిపని రెండూ ఆపేసి బయటికి వచ్చారు. దాన్ని వాళ్ళు సమ్మె అనడానికి బదులు 'సెలవు రోజు' అన్నారు. దేశం మొత్తం స్తంభించిపోయింది. మనం అంత దూరం ఒక్కసారిగా వెళ్ళలేకపోవచ్చు. మన సంఘాల డిమాండ్ల పత్రంలో కనీస వేతనం పక్కనే, "వారానికి ఒక పూట, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని సమయం" అని ఒక వాక్యం చేర్చుకోవచ్చు. మహాసభల్లో దాని మీద చర్చ పెట్టుకోవచ్చు. ఆ చర్చ ఆదివారం మధ్యాహ్నం మాత్రం పెట్టకండి.